వరుస తప్పితే చార్మినార్ మాయం

చార్మినార్ అడుగుభాగం నలుచదరం. ఒక్కో పక్క దాదాపు 20 మీటర్లు. అంటే కట్టడం నిలబడిన జాగా 400 చదరపు మీటర్లు. నోటితో చెప్పే లెక్క ఇది. దీన్నే కంప్యూటరుకి అప్పగిస్తే ఒక్కోసారి జవాబు సున్నా అని వస్తుంది. మూలల కొలతల్లో తప్పుండదు, సూత్రంలోనూ తప్పుండదు. మూలల జాబితాలో రెండు పంక్తులు తారుమారై ఉంటాయి, అంతే.

కాగితం మీద గీసి చూడండి. నైరుతి మూలకి 1, ఆగ్నేయానికి 2, ఈశాన్యానికి 3, వాయవ్యానికి 4 అని పేర్లు పెట్టి, 1 నుంచి 2, 3, 4 మీదుగా మళ్లీ 1కి వస్తే చక్కని చదరం వస్తుంది. ఇప్పుడు 1, 3, 2, 4, 1 అన్న వరుసలో గీయండి. రెండు గీతలు నడిమధ్యలో ఒకదాన్నొకటి కోసుకుని, తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు త్రిభుజాలు మిగులుతాయి. ఒక్కోటి 100 చదరపు మీటర్లు. వైశాల్యం లెక్కకట్టే సూత్రం అంచు వెంట మూల తర్వాత మూలగా నడుస్తుంది. గడియారపు ముల్లుకి ఎదురు తిరిగితే ఆ ముక్కని కూడుతుంది, ముల్లుతో పాటు తిరిగితే తీసేస్తుంది. ఇక్కడ ఒక త్రిభుజం చుట్టూ ఒకవైపు, రెండోదాని చుట్టూ మరోవైపు తిరిగాం కాబట్టి 100లోంచి 100 పోయింది. చార్మినార్ నేల మీద నుంచి మాయమైంది.

ఈ లెక్కకి కావలసిన మూలలు ఎక్కడ దొరుకుతాయి? అందరికీ అందుబాటులో ఉన్న చోటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో మొదలుపెట్టిన ఈ ప్రపంచ పటాన్ని వాలంటీర్లే గీస్తారు. అందులో పాతబస్తీ కూడా ఉంది. మదీనా చౌరస్తా నుంచి షాలిబండ దాకా ఎంత మేర కావాలో దీర్ఘచతురస్రం గీసి ‘ఎగుమతి’ నొక్కితే, ఆ ముక్క ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా మన చేతికొస్తుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. చదవడానికి ఆసక్తిగా ఉంటుందని మాత్రం చెప్పలేను.

పాతబస్తీకి పటం వేయడం కొత్తేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచెత్తిన తర్వాత, 1910ల దశకంలో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే పటాల్ని చరిత్రకారులు, వాస్తుశిల్పులు ఇప్పటికీ ముందేసుకుని కూర్చుంటారు. కాగితం పటం చూసే కంటికి వరుసతో పని లేదు. గల్లీని ఏ కొస నుంచి చూసినా గల్లీయే. ఫైలు సంగతి అలా కాదు. అది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే పొడవాటి తీగ. పొడవూ వెడల్పూ ఉన్న ఊరిని ఆ ఒంటితీగ మీదికి ఎక్కించాలంటే ముందేది, వెనకేది అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చిన ఆ వరుసలోనే సమాచారం దాగి ఉంటుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫైల్లో మూడే రకాల సరుకు ఉంటుంది. ‘నోడ్’ అంటే అక్షాంశ రేఖాంశాలున్న ఒక బిందువు. ‘వే’ అంటే బిందువుల్ని వరుసగా కలిపిన గీత. అది వీధి కావచ్చు, గోడ కావచ్చు, నది ఒడ్డు కావచ్చు. ‘రిలేషన్’ అంటే వీటన్నిటినీ కలిపి కట్టిన మూట, ఉదాహరణకి ఒక బస్సు రూటు. నిజం ఫైల్లో ఈ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఎక్స్‌ఎంఎల్‌కి మాత్రం ఇంగ్లీషు మీద పట్టుదలేమీ లేదు. ట్యాగు పేర్లలో తెలుగు అక్షరాలు ఉండొచ్చని 1998 ఫిబ్రవరి 10న వెలువడిన మొదటి ప్రమాణమే ఒప్పుకుంది. కాబట్టి మన కట్టడాన్ని తెలుగులోనే రాసుకుందాం:

<కట్టడం పేరు="చార్మినార్" ఏడాది="1591">
  <మూల సంఖ్య="1"/>
  <మూల సంఖ్య="2"/>
  <మూల సంఖ్య="3"/>
  <మూల సంఖ్య="4"/>
  <మూల సంఖ్య="1"/>
</కట్టడం>

ఇందులో ‘పేరు’, ‘ఏడాది’ అనేవి గుణాలు, అంటే యాట్రిబ్యూట్లు. ఏడాదిని ముందు రాసి పేరుని తర్వాత రాసినా అర్థం మారదు. గుణాల వరుసకి విలువ లేదని ప్రమాణమే తేల్చేసింది. లోపలి ‘మూల’ల సంగతి వేరు. వాటిలో 2, 3 మూలల్ని తారుమారు చేస్తే ఏమవుతుందో పైన చూశాం. కింది నుంచి పైకి పూర్తిగా తిరగేస్తే చదరం చదరంగానే ఉంటుంది కానీ వైశాల్యం మైనస్ 400 అవుతుంది. వీధి విషయంలో ఈ తిరగేత ఇంకా ఇబ్బంది. ఏకముఖ రహదారి అని గుర్తు పెట్టిన ‘వే’లో బిందువుల వరుసే బండ్లు వెళ్లే దిశ. వరుస తిప్పేస్తే వాహనాలన్నిటినీ ఎదురు దారిలో తోలినట్టే.

చివరి పంక్తిలో 1వ మూల మళ్లీ రావడం పొరపాటు కాదు. బయల్దేరిన చోటికే వచ్చాం, ఆకారం మూసుకుంది అని చెప్పే పద్ధతి అది. స్క్రిప్టులు రాసేవాళ్లలో శుభ్రత పిచ్చి ఉన్నవాళ్లు కొందరుంటారు. ఒకే సంఖ్య రెండుసార్లు ఎందుకని మూలలన్నీ ‘సెట్’లో వేస్తారు. డూప్లికేట్ పోతుంది, దాంతో పాటు నాలుగో గోడా పోతుంది. సెట్‌కి వరుస గుర్తుండదు కాబట్టి మిగిలిన మూడు గోడలకి కూడా గ్యారంటీ లేదు.

అదే ఫైల్లో నోడ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఏ వరుసలో ఉన్నా పటం మారదు. సాధారణంగా ఐడీ నంబరు ప్రకారం ఉంటాయి. ఐడీ వరుస చెప్పేది ఆ బిందువుని ఎప్పుడు నమోదు చేశారన్నది మాత్రమే. ఊళ్లో అది ఎక్కడుందన్నదానికి ఆ నంబరుతో సంబంధం లేదు. ఒకే ఫైల్లో ఒకచోట వరుస ప్రాణం, ఇంకోచోట దండగ. ఏది ఏదో ఎక్స్‌ఎంఎల్ చెప్పదు. అది అన్నిటి వరుసనూ భద్రంగా దాచి ఇస్తుంది. ఎక్కడ పట్టించుకోవాలన్నది ఆ ఫార్మాట్ తయారుచేసినవాళ్లు రాసిన నియమాల్లో వెతుక్కోవాలి. చాలామంది ఆ నియమాలు చదవరు. రెండు మూడు ఫైళ్లు చూసి ఊహించేస్తారు. గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఈ దాచిన వరుసకి ‘డాక్యుమెంట్ ఆర్డర్’ అని పేరు. 1999 నవంబరులో వచ్చిన ఎక్స్‌పాత్ ప్రమాణం దీనికి నిర్వచనం ఇచ్చింది: రెండు ఎలిమెంట్లలో (ప్రారంభ ట్యాగు నుంచి ముగింపు ట్యాగు దాకా ఉన్న ముక్క ఒక ఎలిమెంటు) దేని మొదటి అక్షరం ఫైల్లో ముందు వస్తే అదే ముందు. అంటే ప్రారంభ ట్యాగు ఎక్కడుందో చూడాలి, ముగింపు ట్యాగుతో పని లేదు. ఎలిమెంట్ల లోపల ఎలిమెంట్లు, వాటిలోపల ఇంకా ఎలిమెంట్లు ఉన్నప్పుడు ఈ నియమం ఎలా నడుస్తుందో చూడటానికి పాతబస్తీలో తలుపుల మీద రాసిన ఇంటి నంబర్లు చాలు.

హైదరాబాద్ పాత ఇంటి నంబరులో మొదటిది వార్డు, తర్వాతిది బ్లాకు, ఆ తర్వాత ఇల్లు. అన్నదమ్ములు పంచుకుంటే గీత పెట్టి ఇంకో అంకె చేరుతుంది. ఉదాహరణకి 22-3-9 అనే ఇంటిలో రెండు వాటాలుంటే అవి 22-3-9/1, 22-3-9/2. మొదట 22-3-9, వెంటనే దాని రెండు వాటాలు, ఆ తర్వాతే 22-3-10. ఒక ఇంట్లోకి అడుగుపెడితే లోపలి గదులన్నీ చూసుకుని బయటికొచ్చాకే పక్కింటికి వెళ్లడం. డాక్యుమెంట్ ఆర్డర్ అచ్చంగా ఇదే. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని లోతుకి ముందు వెళ్లే నడక అంటారు. (పాతబస్తీ గల్లీల్లో నంబర్ల వరుస ఒకటి, ఇళ్ల వరుస ఇంకొకటి అని పోస్ట్‌మ్యాన్లు నవ్వుతారు. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ బాధ లేదు.)

సరిగ్గా ఇలాంటి నంబర్లనే డేటాబేస్ పరిశోధకులూ పట్టుకున్నారు. ఎక్స్‌ఎంఎల్‌ని పట్టికల డేటాబేస్‌లో పెట్టాల్సి వచ్చినప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడింది. పట్టికలోని అడ్డవరసలకి స్వతహాగా ముందు వెనకల్లేవు. అందుకని 2002లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ఒక్కో ఎలిమెంటుకీ 1.3.2 లాంటి చిరునామా ఇమ్మంది. మొదటిదాని మూడో బిడ్డకి రెండో బిడ్డ అని దానర్థం. గ్రంథాలయాల్లో పుస్తకాలకి వేసే డ్యూయీ అంకెల పేరే దానికి పెట్టారు. మరి రెండిటి మధ్య కొత్త ఎలిమెంటు వచ్చి చేరితే? తర్వాతి నంబర్లన్నీ మార్చాలా? 2004లో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కోసం ప్రకటించిన ‘ఆర్డ్‌పాత్’ దీనికి ముచ్చటైన ఉపాయం చెప్పింది. మొదట బేసి అంకెలే ఇవ్వాలి: 1, 3, 5. ఒకటికీ మూడుకీ మధ్య కొత్తది దూరితే దాని నంబరు 2.1. సరి అంకె కనబడితే ‘ఇది కొత్త మెట్టు కాదు, ఇరికించిన జాగా’ అని అర్థం. పాత నంబరు ఒక్కటి కూడా కదలదు.

నంబర్లతో ఇంకో గోతి ఉంది. స్క్రిప్టు ఇంటి నంబర్లని మాటల్లాగా అకారాది క్రమంలో పేరిస్తే 22-3-10 ముందొచ్చి 22-3-9 వెనక పడుతుంది, ఎందుకంటే అక్షరంగా 1 అనేది 9కి ముందు. ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ అంకెగా మార్చి పోల్చాలి. అసలు ఎక్స్‌ఎంఎల్ నుంచి చదివేటప్పుడు పేర్చే పనే పెట్టుకోకపోవడం మేలు. వరుస ఫైల్లోనే ఉంది.

దాన్ని చెడగొట్టకుండా చదవడానికి పైథాన్ భాషలో ‘ఎలిమెంట్‌ట్రీ’ ఉంది. ఫ్రెడ్రిక్ లుంద్ రాసిన ఈ ఉపకరణం 2006లో పైథాన్ 2.5తో పాటు భాషలో భాగమైంది. ‘పార్స్’ అంటే ఫైలు మొత్తం చెట్టుగా తయారవుతుంది. చెట్టు మీద ‘ఇటర్’ అంటే ఎలిమెంట్లన్నీ డాక్యుమెంట్ ఆర్డర్‌లో ఒక్కొక్కటే వస్తాయి. ఒక ఎలిమెంటుని నేరుగా ‘ఫర్’ లూపులో పెడితే దాని పిల్లలు మాత్రమే, అదే వరుసలో వస్తారు. రెండు మూడు పంక్తుల పని. ఇంత తేలికైన పని ఎలా పాడవుతుంది?

సౌకర్యం కోరుకోవడం వల్ల. ఎక్స్‌ఎంఎల్ చెట్టు ఎందుకు, నాకు సులువైన డిక్షనరీ కావాలి అనుకునేవాళ్ల కోసం ‘ఎక్స్‌ఎంఎల్‌టుడిక్ట్’ లాంటి ఉపకరణాలున్నాయి. పెర్ల్ వాడినవాళ్లకి ‘ఎక్స్‌ఎంఎల్ సింపుల్’ గుర్తుండే ఉంటుంది. ఇవి ఒకే పేరున్న ఎలిమెంట్లన్నిటినీ ఒక సంచిలో వేస్తాయి. కింది ముక్క చూడండి:

<దారి>మదీనా నుంచి బయల్దేరి <కమాన్>మచ్లీ కమాన్</కమాన్> దాటితే <స్థలం>గుల్జార్ హౌజ్</స్థలం>, ఆపైన <కమాన్>చార్మినార్ కమాన్</కమాన్>, ఎదురుగా <స్థలం>చార్మినార్</స్థలం>.</దారి>

చార్మినార్‌కి ఉత్తరాన ఉన్న నాలుగు కమాన్లలో, అంటే తోరణాల్లో, ఉత్తరానిది మచ్లీ కమాన్, దక్షిణానిది చార్మినార్ కమాన్, నాలుగింటికీ నడుమ గుల్జార్ హౌజ్. దీన్ని సంచుల్లోకి ఎత్తితే ‘కమాన్’ సంచిలో మచ్లీ కమాన్, చార్మినార్ కమాన్ వస్తాయి. ‘స్థలం’ సంచిలో గుల్జార్ హౌజ్, చార్మినార్ వస్తాయి. ఏ సంచికా సంచిలో వరుస సరిగ్గానే ఉంది. కానీ సంచుల ప్రకారం నడిచే మనిషి రెండు కమాన్లూ దాటేసి, మళ్లీ వెనక్కి తిరిగి గుల్జార్ హౌజ్‌కి వస్తాడు. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీలు వరుసని గుర్తుంచుకుంటాయి కదా అని ఒకరు అడగొచ్చు. గుర్తుంచుకునేది సంచుల వరుసని. ఒక సంచిలోని వస్తువుకీ ఇంకో సంచిలోని వస్తువుకీ మధ్య ఉన్న ముందు వెనకలు అప్పటికే పోయాయి, వాటిని ఏ పైథానూ తిరిగి తేలేదు.

అదే వాక్యాన్ని ఎలిమెంట్‌ట్రీలో ‘ఇటర్‌టెక్స్ట్’తో చదివితే ట్యాగులు పోయి, మాటలన్నీ రాసిన క్రమంలో అతుక్కుని వస్తాయి. అయితే ఎలిమెంట్‌ట్రీకీ ఒక వింత అలవాటుంది. ‘దాటితే’ అన్న మాట ఎవరిది? చూపుకి ‘దారి’ది. ఎలిమెంట్‌ట్రీ మాత్రం దాన్ని ముందున్న ‘కమాన్’కి తోకగా కడుతుంది. అందుకే దాన్ని ‘టెయిల్’ అంటారు. ఆ కమాన్ ఎలిమెంటుని ‘రిమూవ్’ చేస్తే తోక కూడా పోతుంది, వాక్యంలోంచి ‘దాటితే’ మాయమవుతుంది. తీసేసేముందు తోకని ముందున్న ముక్కకి అతికించుకోవాలి. మంచి ఉపకరణమే, ఈ ఒక్క చోట మాత్రం విసిగిస్తుంది.

ఇవన్నీ పటాలు గీసేవాళ్ల కష్టాలు అనుకోనక్కర్లేదు. చార్మినార్‌కి ఉత్తరంగా కాస్త దూరంలో ఉన్న ఛత్తా బజార్ పెళ్లి కార్డుల అచ్చుకి పేరు మోసింది. అలాంటి చోటికి వచ్చే వర్డ్ ఫైలు కూడా లోపల ఎక్స్‌ఎంఎల్లే. డాక్ఎక్స్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల అసలు మాటలున్న ఎక్స్‌ఎంఎల్ దర్శనమిస్తుంది. అలాంటి ఫైల్ని చదవడానికి ‘పైథాన్-డాక్ఎక్స్’ అనే ఉపకరణం వాడేవాళ్లు చాలామంది. దాన్ని పేరాగ్రాఫులు అడిగితే పేరాగ్రాఫులన్నీ ఇస్తుంది. పట్టికలు అడిగితే పట్టికలన్నీ ఇస్తుంది. ఏ పేరా తర్వాత ఏ పట్టిక అన్నది ఆ రెండు జాబితాల్లోనూ లేదు. ఆహ్వానం, ఆ కింద వేడుకల పట్టిక, ఆ కింద ‘మీ రాక కోసం ఎదురుచూసే’ పేర్లు ఉన్న కార్డులో పట్టిక కాస్తా అడుక్కి దిగజారుతుంది. కొత్త వెర్షన్లలో రెండిటినీ కలిపి ఉన్న వరుసలో ఇచ్చే ఏర్పాటు వచ్చింది. లేదంటే ఎక్స్‌పాత్‌లో ‘పేరా లేదా పట్టిక’ అని ఒకే ప్రశ్నగా అడగాలి. ఎక్స్‌పాత్ ప్రశ్నలకి బదులిచ్చే ఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఉపకరణం జవాబుని మన ప్రశ్నలోని క్రమంలో కాక డాక్యుమెంట్ ఆర్డర్‌లో ఇస్తుంది.

ఉర్దూ ఉన్న కార్డు తెరిస్తే ఇంకో సందేహం వస్తుంది. కుడి నుంచి ఎడమకి సాగే లిపి కదా, ఫైల్లో కూడా తిరగబడి ఉంటుందా? ఉండదు. ‘లాడ్ బజార్’ని ఉర్దూలో రాస్తే మొదటి అక్షరం లామ్ తెర మీద కుడి కొసన కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం మొట్టమొదట ఉంటుంది. కుడి నుంచి ఎడమకి పేర్చడం, మధ్యలో తేదీ వస్తే ఆ అంకెల్ని ఎడమ నుంచి కుడికే ఉంచడం, ఇవన్నీ చూపించేటప్పుడు యూనికోడ్ నియమాలు చేసే పని. తెలుగులో కూడా ఇదే జరుగుతోంది, మనం గమనించం. ‘క్రి’లో గుడి కంటికి క మీద కనిపిస్తుంది, ఫైల్లో అది ర తర్వాత వస్తుంది. ఫైలు వరుస అంటే పలికే వరుస. తెర మీద కుడి ఎడమల్ని చూసి ఉర్దూ అక్షరాల్ని స్క్రిప్టుతో తిరగేసినవాళ్లు ఉన్నారు. ఆ కంప్యూటరులో బాగానే కనబడిన కార్డు ఇంకో కంప్యూటరులో అద్దంలో చూసినట్టు తయారవుతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఫైలు మొత్తాన్ని మెమరీలోకి ఎత్తగలిగినప్పటి ముచ్చట. చార్మినార్ చుట్టుపక్కల గల్లీలకైతే మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రపంచం మొత్తం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎక్స్‌ఎంఎల్ కుదించినా వంద జీబీ దాటుతుంది. అలాంటప్పుడు చెట్టు కట్టకుండా, ఫైలు ప్రవహిస్తుండగానే ఏరుకోవాలి. 1998లో డేవిడ్ మెగిన్సన్ నడిపించిన ‘శాక్స్’ పద్ధతి చేసేది ఇదే. ఎలిమెంట్‌ట్రీలో దీనికి ‘ఇటర్‌పార్స్’ ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫైళ్లు ముందు నోడ్‌లన్నీ, తర్వాత ‘వే’లన్నీ, చివర రిలేషన్లన్నీ పెట్టే ఆనవాయితీకి విలువ ఇక్కడ తెలుస్తుంది. వీధి వచ్చేసరికి దాని బిందువులన్నీ మన చేతిలోనే ఉంటాయి, వెనక్కి వెళ్లి వెతకాల్సిన పని లేదు. ఎక్స్‌ఎంఎల్ ఇలా ఉండాలని శాసించలేదు. ఒక్క దాటులో పని ముగించాలనుకున్న ఇంజినీర్లు చేసుకున్న ఏర్పాటు ఇది.

ఇటర్‌పార్స్ ఊరికే పిలిస్తే ప్రతి ఎలిమెంటునీ అది ముగిసినప్పుడు అందిస్తుంది, మొదలైనప్పుడు కాదు. ముగిసే వరుసలో లోపలిది ముందు, బయటిది తర్వాత. అంటే మూలలన్నీ వచ్చాకే కట్టడం వస్తుంది. డాక్యుమెంట్ ఆర్డర్ కావాలంటే ‘స్టార్ట్’ అని విడిగా అడగాలి. అప్పుడు గుణాలు ఉంటాయి కానీ లోపలి పిల్లలు ఇంకా వచ్చి ఉండరు. మెమరీ ఖాళీ చేసుకోవడానికి చదివిన ప్రతి ఎలిమెంటునీ అక్కడికక్కడే ‘క్లియర్’ చేసేవాళ్లు ఈ వరుస మరిచిపోతే దెబ్బ తింటారు. ‘మూల’ ముగియగానే దాన్ని తుడిచేస్తే దాని సంఖ్య కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కట్టడం ముగిసేసరికి లోపల ఐదు మూలలూ వరుస తప్పకుండా నిలబడి ఉంటాయి, ఒక్కదానికీ నంబరుండదు. తుడవాల్సింది కట్టడం ముగిశాక, కట్టడాన్నే. అలా తుడిచినా ఖాళీ డొల్లలు చెట్టు వేరుకి, అంటే రూట్ ఎలిమెంటుకి, వేలాడుతూనే ఉంటాయి. ఫైలు జీబీల్లో ఉంటే వాటిని కూడా ఎప్పటికప్పుడు వేరు నుంచి తెంపేయాలి.